గడచిన యేటి యాత్రలు



గత సంవత్సరము ఉగాది సంచికతో మొదలుపెట్టి, నెలకొక స్థలము చొప్పున మేమీ పత్రికయందు యాత్రావ్యాసములు వ్రాయుచు వచ్చితిమి. పండ్రెండు నెలలును నిండినవి. పండ్రెండు స్థలములును ముగిసినవి. ఒక్కొక్క వ్యాసము వెలువడిన పిమ్మట మీరు దయతో వ్రాసిన జాబులను పాఱవేయక ఒక పాత రేకుపెట్టెలో దాచియుంచితిమి. ఫాల్గుణమాసమున పండుగకై ఇల్లు దులుపుచుండగా ఆ పెట్టె చేతికి వచ్చినది. జాబులన్నియు ఎదుట పోసికొని, మేమును, ఈ ప్రయాణములన్నిటను మాకు తోడువచ్చిన మా వదినగారును రెండు మధ్యాహ్నములు కూర్చుండి చదివితిమి.

ఏ స్థలమును మీరెక్కువగా మెచ్చియుందురో యని మాలో మాకు పందెము కలిగెను. రామప్పగుడి యని మేమంటిమి. లేపాక్షి యని వదినగారనిరి. జాబులను స్థలముల వారీగా కుప్పలు వేసి చూడగా ఇద్దరమును ఓడిపోతిమి. ఓడిన విధమును, ఓడి నేర్చుకొన్నదానిని ఈ సంచికలో విన్నవించుకొందుము.

ముందుగా ఒక మాట. బొఱ్ఱా గుహలు, అరకులోయ, గండికోట, గోలకొండ, అంతర్వేది, కొండపల్లి, శ్రీకాళహస్తి — ఈ యేడింటిని గూర్చిన వ్యాసములకును జాబులు రాకపోలేదు. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి కఱ్ఱ ఎంత తేలికగా నుండునో వ్రాసినందుకు పిల్లల తల్లులు సంతసించిరి. శ్రీకాళహస్తి కలంకారీ పనిలో కరక్కాయ నీటిని, పాలను కలిపి గుడ్డను తడుపుదురని చదివి, ఆ వాసన పోవుట ఎట్లని యొక సోదరి యడిగినది. పలుమార్లు నీటిలో జాడించుటయే యుపాయము. ఇక మిగిలిన యైదు స్థలములను గూర్చియే ఇచ్చట ప్రస్తావింతుము.

రామప్పగుడి

పాలంపేటలోని రామప్పగుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213 సంవత్సరమున ప్రతిష్ఠించెను. 2021 సంవత్సరమున యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. నీటిమీద తేలునంత తేలికయైన శిఖరపు ఇటుకలను గూర్చియు, ఇసుక నింపిన పునాదిని గూర్చియు మేము మిక్కిలి శ్రద్ధతో వ్రాసితిమి. అందులకు మెప్పుదల వచ్చినది. కాని ఎక్కువ మంది వ్రాసినది ఇటుకలను గూర్చి కాదు. చూరు క్రింద వంగి నిలిచిన నల్లరాతి మదనికలలో ఒకతె ఎత్తుమడమల పాదరక్షలు తొడిగికొని యున్నదని మేమొక్క వాక్యము వ్రాసియుంటిమి. ఆ వాక్యమే వారి మనస్సులను పట్టుకొన్నది.

ఒక సోదరి వ్రాసిన సంగతి మఱచిపోరానిది. ఆమె అత్తవారి ఊరు ఆ గుడికి అతి సమీపమున నున్నది. కాపురమునకు వచ్చి ముప్పది యేండ్లు దాటినను ఆమె దానిని చూచి యెఱుగదు. చుట్టములు వచ్చినప్పుడెల్ల మగవారు వారిని వెంటబెట్టుకొని గుడికి పోయెడివారు. వారు తిరిగివచ్చునప్పటికి వంట సిద్ధము చేయుట ఆమె వంతు. 2023 డిసెంబరు 9వ తేదీ నుండి తెలంగాణమున స్త్రీలకు ప్రభుత్వపు బస్సులలో ఉచితప్రయాణ సౌకర్యము కలిగిన తరువాత, వ్యాసము చదివి, ఇరుగుపొరుగు స్త్రీలను నలుగురిని కూడగట్టుకొని, పులిహోర మూట గట్టుకొని ఆమె బయలుదేరినది. మదనిక పాదరక్షలను చూచి అందఱును పకపక నవ్విరట. చెఱువుగట్టున కూర్చుండి మూట విప్పుకొని తినిరట. ఆ దినమున ఇంటిలో వంట ఎవరు చేసిరో ఆమె వ్రాయలేదు. మేమును అడుగలేదు.

లేపాక్షి

లేపాక్షి వీరభద్రాలయము పదునాఱవ శతాబ్దమున, విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ కట్టించినది. నేలకు పూర్తిగా ఆనని స్తంభము, ఒక్క బండనుండి తొలిచిన పెద్ద నంది, మంటపపు కప్పుమీది చిత్తరువులు — వీనిని గూర్చి మేము వ్రాసితిమి. ఆ చిత్తరువులలోని స్త్రీల చీరల అంచులను, లతామంటపపు స్తంభములమీది అల్లికలను చూచి ముగ్గుల పుస్తకములో దింపుకొన్నామని కొందఱు సోదరీమణులు వ్రాసిరి. ఒకరు తాము దింపిన కాగితమును కూడ జతపఱచిరి. వదినగారు దానిని అద్దమునకు అంటించుకొనిరి.

అయితే లేపాక్షిని గూర్చిన జాబులలో మమ్ము నిలువబెట్టినది మఱియొకటి. ఆ సోదరికి మంచము పట్టిన అత్తగారున్నారు. ప్రతినెల పత్రిక రాగానే దీపములు పెట్టు వేళకు మంచముప్రక్కన కూర్చుండి మా వ్యాసమును ఆమెకు చదివి వినిపించునట. ఆలయప్రాంగణమున బండమీద పళ్లెముల వలె తొలిచిన గుంటలున్నవనియు, శిల్పులు వానిలో భోజనము చేసెడివారని స్థానికులు చెప్పుదురనియు మేము వ్రాసిన చోటికి రాగానే ఆ ముసలమ్మగారు చేయెత్తి ఆపి, అంతమందికి వండిన వారెవ్వరని యడిగినారట. కోడలు జవాబు చెప్పలేక మాకు వ్రాసినది.

మేమును చెప్పలేకపోతిమి. కట్టించినవాని పేరు మాకు తెలియును. చెక్కినవారి నైపుణ్యమును పొగడితిమి. ఆ పళ్లెములు ఎవరి చేత నిండెనో యన్న తలంపే మాకు తోచలేదు. ఇంటింట రెండుపూటలు పళ్లెములు నింపెడి మాకే తోచలేదు!

పోచంపల్లి

అన్నిటికంటె ఎత్తైన కుప్ప పోచంపల్లిది. మేము దానిని భాద్రపదమాసమున, వేఱొక ప్రయాణము వానలచే ఆగిపోగా, బదులుగా వ్రాసితిమి. మొదట కొంత చరిత్ర చెప్పితిమి. 1951 ఏప్రిలు 18వ తేదీన వినోబాభావే ఆ గ్రామమునకు రాగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరముల భూమిని దానమిచ్చిరి; భూదానోద్యమము అచ్చటనే మొలకెత్తినది. చరిత్రలో ఇది పెద్ద సంగతి. కాని జాబులలో దీనిని తలచినవారు ఇద్దఱు ముగ్గురే. మిగిలిన వారందఱు ఆసును గూర్చియే వ్రాసిరి.

ఆసు అననేమో మఱచినవారికొఱకు మరల చెప్పుదుము. పోచంపల్లి చీరలో పూవులు, పలకలు నేసిన పిమ్మట అద్దినవి కావు. నూలును ముందుగానే ముడులుకట్టి, రంగులలో ముంచి, ఆరబెట్టి, తరువాత మగ్గమెక్కింతురు. ముడి కట్టిన తావున రంగు పట్టదు. విప్పిన తావున పట్టును. నేతలో పడుగునకు పేక చేరినప్పుడు ఆ మచ్చలన్నియు కూడి బొమ్మయగును. ఇట్లు ముడులు కట్టుటకు ముందు పేకనూలును ఒక కొలతప్రకారము పఱచవలెను. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల వరుస యొకటి, దాని కెదురుగా ఒక మేకు ఉండును. దారమును ఒక మేకునుండి ఎదుటి మేకునకు, అచ్చటినుండి మరల ఇవతలి మేకునకు చుట్టుచు పోవలెను. ఇదియే ఆసు పోయుట. మారొక్కింటికి చేయి సుమారు ఒక మీటరు దూరము పోయి రావలెను. ఒక్క చీరకు ఇట్లు సుమారు 9,000 మారులు. దినమునకు రెండు చీరలైనచో 18,000 మారులు.

ఈ పని చేసెడివారు ఇంటి ఆడవారు. మగ్గముమీద కూర్చున్నవానికి నేతగాడని పేరు. ఆసు పోసినదానికి పేరు లేదు. ఆలేరు ప్రాంతపు నేతకుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశంగారు, ఆసు పోసి పోసి భుజము పట్టుకొనిపోయిన తన తల్లి బాధ చూడలేక, చదువు తక్కువైనను ఏండ్ల తరబడి కష్టించి, 1999 సంవత్సరమున ఆసు పోయు యంత్రమును చేసి నిలిపిరి. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసుయంత్ర మనిరి. 2017 సంవత్సరమున ఆయనకు పద్మశ్రీ పురస్కారము లభించినది.

మేము పోయిన యింట యంత్రమే పనిచేయుచుండెను. అయినను ఆ యింటి పెద్దావిడ పాత మేకుల చట్రమును అటకమీద భద్రపఱచినది. మా కోరికపై దింపించి, దారము చేతికిచ్చినది. వదినగారు పంతము పట్టి నూఱు మార్లు త్రిప్పి, చేయి దించి, ఇక నా వల్ల కాదనిరి. పెద్దావిడ నవ్వి, పెండ్లియైన మఱునాటినుండి నలువది యేండ్లు త్రిప్పితినని చెప్పినది. ఆమె కుడిభుజము ఎడమభుజముకంటె ఒకింత దిగియుండుట మేము చూచితిమి, చూచినట్లే వ్రాసితిమి.

ఆ నాలుగు పంక్తులకు వచ్చిన జాబులు మేమెన్నడు ఎఱుగనివి. బీడీలు చుట్టి వ్రేళ్లు వంకరపోయిన యొక తల్లిని గూర్చి ఆమె కూతురు వ్రాసినది. పొగాకు బేరనుల వద్ద, జీడిపప్పు బట్టీల వద్ద పనిచేసిన వారు వ్రాసిరి. పెట్టెలో దాచిన పెండ్లిచీరను బయటికి తీసి, మొట్టమొదటి మారు తిరగవేసి చూచితినని యొకరు వ్రాసిరి. తన తల్లి భుజమును గూర్చి వ్రాయుటకు ఇన్నాళ్లకు తావు దొరికినదని మఱియొకరు వ్రాసిరి. మేము రాజులు కట్టించిన గుళ్లకై వెదకికొనుచు పోయితిమి. మీరు చేతులను చూచితిరి.

రాజమహేంద్రవరము

రెండవ కుప్ప రాజమహేంద్రవరముది. గోదావరిమీద 1900 సంవత్సరమున తెఱచిన పాత రైలువంతెనను గూర్చియు, 1847 మొదలు 1852 వఱకు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద కట్టించిన ఆనకట్టను గూర్చియు వ్రాసి, కడపట కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటిని వర్ణించితిమి. 1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరని పాఠశాలలో చదువనివారు లేరు. 1883 సంవత్సరమున ‘సతీహితబోధిని’ యను పత్రికను స్త్రీలకొఱకే నడపిరని మన పత్రికాపాఠకురాండ్రకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాఠములలో లేనిది ఇది. ఆ వివాహసమయమున వెలివేయుదురన్న భయముచే వంటవారును నీళ్లు తెచ్చువారును ఆ యింటి గడప తొక్కుట మానిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి తెచ్చి, తామే వండి వడ్డించిరి. సంస్కరణమునకు వాదములు కావలెను, గ్రంథములు కావలెను. అంతకుముందు పెండ్లివారికి త్రాగుటకు నీళ్లు కావలెను.

ఒక చదువుకొన్న సోదరి మమ్ము మెచ్చుకొని, తుదకు ఒక ప్రశ్న వేసినది: ఆ యింటినుండి రేవునకు ఎంత నడక? మేము గమనింపలేదు. మాఘమాసములో వేఱు పనిమీద ఆ పట్టణమునకు మరల పోయినప్పుడు మేమును వదినగారును ఆ యింటినుండి బయలుదేరి రేవువఱకు నడచి, తిరిగి నడచితిమి. వట్టిచేతులతో నడచిన మాకే దప్పిక కలిగెను. నిండుబిందెతో, అదియు వీధివారందఱును తలుపుల చాటున నిలిచి చూచుచుండగా, ఎన్ని మార్లు తిరిగిరో!

నాగార్జునకొండ

నాగార్జునకొండకు జాబులు తక్కువ. అందులో ఒక్కటి మాత్రము మిగిలిన వానియన్నిటికంటె బరువైనది. దానిని చెప్పకపోయినచో ఈ వ్యాసము అబద్ధమగును.

కార్తికమాసములో విజయపురి దక్షిణమునుండి లాంచీ యెక్కి మేము దీవికి పోయితిమి. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఒకప్పుడు ఆ లోయలో నుండెను. వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరియగు శాంతిశ్రీ మహాచైత్యమునకు దానములు చేసి స్తంభములు నిలిపినది. బోధిశ్రీ యను ఉపాసిక చైత్యగృహమును కట్టించినది. పదునేడు వందల యేండ్ల క్రిందటి స్త్రీల పేర్లు రాతిమీద నిలిచినవని మేము గర్వముతో వ్రాసితిమి. 1955 సంవత్సరమున నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని తెలిసి 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సాగించి, ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా విప్పి, కొండమీదను, అనుపునందును మరల నిలిపిరని కూడ వ్రాసితిమి. లాంచీలో కూర్చుండగా నీరు నీలమణివలె మెఱసెనని చివర ఒక సొగసైన వాక్యము చేర్చితిమి.

ఆ వాక్యము చదివి డెబ్బదియేండ్లు పైబడిన యొక తల్లి జాబు వ్రాయించినది. ఆమె పుట్టినిల్లు ఆ నీలమణి క్రింద నున్నది. తాను చిన్నపిల్లగా నుండగా, పశువులతో, పొయ్యిరాళ్లతో, దూలములతో బండ్లు కట్టుకొని ఊరివారందఱును కదలిరట. తమ యింటి పెరటిలోని చింతచెట్టునకు నానమ్మ పసుపు కుంకుమ పెట్టి, చెట్టునుండి చేయి తీయలేకపోయినదట. బుద్ధుని రాళ్లను ఒక్కొక్కటిగా విప్పి కొండమీదికి మోసిరని వ్రాసితిరే, మా ఊళ్లను గూర్చి ఒక్క ముక్కయైన వ్రాయలేదేమని యామె యడిగినది.

ఆనకట్ట కట్టరాదని ఆమె యనలేదు. కుడివైపు జవాహర్ కాలువ నీటితోనే ఇప్పుడు తన మనుమల పొలములు పండుచున్నవని తానే వ్రాయించినది. ఈసారి లాంచీలో కూర్చుండినప్పుడు క్రింద ఇండ్లున్నవని తలచుకొనుడని మాత్రమే ఆమె కోరిక.

ఆ జాబును మేము పలుమారులు చదివితిమి. మూడవ శతాబ్దపు స్త్రీల పేర్లు వెదకి వ్రాసిన మాకు, మా యెదుటి కాలపు స్త్రీల ఊళ్ల పేర్లు అడుగవలెనని తోపకపోవుట మా లోపము. రేవులో టీకొట్టు నడపుచున్న ముసలాయన నడిగినను చెప్పియుండెడివాడు. ఆమెకు క్షమాపణ వ్రాసితిమి. ఇప్పుడు మీ అందఱియెదుట దానిని మరల చెప్పుకొనుచున్నాము.

రాబోవు సంవత్సరము

కుప్పలన్నియు ముగిసిన పిదప, ఏ కుప్పకును చేరని జాబులు కొన్ని మిగిలినవి. అవి స్థలములను మెచ్చినవి కావు, మమ్ము నిలదీసినవి. మంచినీళ్లు ఎక్కడ దొరకును? మరుగుదొడ్డి యున్నదా? తాళము వేసి యుండునా? చంటిపిల్లతో మెట్లెక్కవచ్చునా? మోకాళ్లనొప్పులవారు ఎంతవఱకు పోవచ్చును? ఆడవారు మాత్రమే పోయినచో రాత్రి బసకు భయము లేదా? కడపటి బస్సు ఎప్పుడు? 2025 ఆగస్టు 15వ తేదీనుండి ఆంధ్రప్రదేశమునందు కూడ స్త్రీలకు పలు ప్రభుత్వపు బస్సులలో ఉచితప్రయాణము కలిగినది మొదలు ఇట్టి ప్రశ్నలు మఱింత పెరిగినవి. టిక్కెట్టు చిక్కు తీరినది. మిగిలిన చిక్కులు కొన్ని తీరవలసియున్నవి. శిఖరమునకు ఎన్ని అంతస్తులో లెక్కించి వ్రాసిన మేము ఈ సంగతులు వ్రాయకపోతిమి. ఇకమీదట ప్రతివ్యాసము చివరను వీనికి జవాబులు తప్పక యుండును. తాళము వేసియున్నచో తాళము వేసియున్నదనియే వ్రాసెదము.

పోలేనివారిని కూడ మేము మఱవము. లేపాక్షి పళ్లెములను గూర్చి యడిగిన పెద్దమ్మగారు ఇంకను ప్రతినెల వినుచున్నారని కోడలు వ్రాసినది. ఆమె వినునప్పుడు అడుగబోవు ప్రశ్నను మేము ఆ స్థలముననే యడిగి వచ్చుటకు ప్రయత్నింతుము. మీ మీ ఊళ్లలో మేమెఱుగని బావి, చెట్టు, మగ్గము, రేవు ఏదైన నున్నచో, దానితో ముడిపడిన చేతుల సంగతియు చేర్చి మాకు వ్రాయుడు. చేతివ్రాత బాగుగ లేదని సంకోచింపవలదు. వదినగారికి ఎట్టి వ్రాతయైనను చదువుట వచ్చును.

క్రొత్తయేటి మొదటి ప్రయాణము ఎక్కడికని వదినగారు అడుగుచున్నారు. నాగార్జునసాగరమునకే మరల పోవుదుము. ఆ తల్లిని కూడ రమ్మని వ్రాసితిమి. లాంచీ యెక్కి ఎన్నియో యేండ్లైనదనియు, మనుమరాలు వెంట వచ్చినచో తానును వత్తుననియు జవాబు వచ్చినది. తన ఊరు ఏ దిక్కున నున్నదో కొండల పోలికనుబట్టి చూపగలదట. ఎండలు ముదురకముందే, ఉదయపు లాంచీకి అందునట్లు బయలుదేరెదము. ఆమె చూపిన దిక్కును, చెప్పిన ఊరి పేరును వచ్చు నెల మీకు తెలియజేసెదము.